కాళ్ళకు తొడిగే మర

మా రామచంద్రపురం వేపు పక్షవాతాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు. "పాపం, ఆయనకి కాలూ చెయ్యీ పడిపోయిందిటండీ" అంటారు. ఇక సలహాలకి కొదవేముంది? పావురం నెత్తురు రాయమని ఒకరు, నూనె మర్దనా అని ఇంకొకరు. పావురం మాట అలా ఉంచండి, మర్దనా చేసేదెవరు? ఇల్లాలే. పొద్దున్నే ఆ బరువు కాలు ఎత్తి దించేదీ ఆవిడే. అందుకేనేమో, పక్షవాతం రోగిని నడిపించే మరల చరిత్ర చదువుతుంటే నా ధ్యాస కాళ్ళ మీద కన్నా చేతుల మీదకే పోయింది.

మోటారు లేని రోజుల్లో ఇనప కాలిపర్లే దిక్కు. విశాఖపట్నంలో డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావుగారు పోలియో పిల్లలకి ఆపరేషన్లు చేసి నిలబెట్టారు. ఆయనకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అయితే కాలిపరు కాలు మడతపడకుండా ఆపుతుందే గాని, దానంతటది అడుగు వెయ్యదు.

1960లలో అమెరికావాళ్ళు సైన్యం డబ్బుతో "హార్డిమన్" అనే ఉక్కు తొడుగు మొదలుపెట్టారు, బరువులెత్తడానికి. మొత్తం కదిపితే అదుపు తప్పేది. చివరికి ఒక్క చెయ్యి మాత్రం పనిచేసింది! అదే కాలంలో బెల్‌గ్రేడ్‌లో వుకోబ్రాతోవిచ్ అనే ఇంజనీరు ఆ ఆలోచనని రోగుల వేపు తిప్పాడు. గాలి ఒత్తిడితో కదిలే ఆయన మరని 1972లో అక్కడి ఆస్పత్రిలో నడుము కింద చచ్చుబడినవారి మీద పరీక్షించారు.

తర్వాత స్విట్జర్లాండులో "లోకోమాట్" వచ్చింది. అంతకు ముందు రోగిని పట్టీలతో వేలాడదీసి, కదిలే పట్టా మీద నిలబెట్టి, చెరో పక్కనా ఒకరు వంగి కూచుని కాళ్ళు చేత్తో కదిపేవారు. కాసేపటికే వాళ్ళ నడుములు పడిపోయేవి. (ఆ నొప్పి మనకి కొత్తా?) లోకోమాట్ ఆ చేతుల పని తీసుకుంది. నరాల్లో కొంత ప్రాణం మిగిలినవారికి, ఒకే అడుగు వందలసార్లు వేయిస్తే వెన్నుపాము ఆ నడకని మళ్ళీ నేర్చుకునే వీలుంది. నరం పూర్తిగా తెగినవారికి మర నడిచినంతసేపే నడక. ఈ తేడా డాక్టరుని అడిగి తెలుసుకోకుండా ఆశ పెట్టుకోకూడదు.

ఇజ్రాయెల్ ఇంజనీరు అమిత్ గోఫర్ కథ మరీ విచిత్రం. 1997లో ప్రమాదం జరిగి మెడ దిగువన చచ్చుబడింది. కుర్చీలో కూచునే "రీవాక్" తయారుచేశాడు. ముందుకి వాలితే చాలు, తుంటి దగ్గరా మోకాలి దగ్గరా మోటార్లు అడుగు వేయిస్తాయి. గుర్రం మీంచి పడి కాళ్ళు పోయిన క్లేర్ లోమస్ 2012లో అది తొడుక్కుని లండన్ మారథాన్ ఏప్రిల్ 22న మొదలుపెట్టి మే 8న ముగించింది. కాని గోఫర్ దాన్ని వాడలేకపోయాడు! చంకకర్రలు పట్టుకునే బలం చేతుల్లో ఉండాలి, ఆయనకి అదీ లేదు. దాంతో తనలాంటివారిని నిలబెట్టే చక్రాల కుర్చీ వేరే తయారుచేశాడు.

మన దేశంలో తిరువనంతపురం కుర్రాళ్ళు, మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే మర తయారుచేసినవాళ్ళే, నడక నేర్పే యంత్రం కూడా చేశారు. అది ఆస్పత్రిలో ఉండేది. ఇంటికి తెచ్చుకునే మరతో ఎత్తు గడపలున్న మన ఇళ్ళల్లో తిరగడం మాటలు కాదు. అన్నట్టు, 2014లో రీవాక్‌ని ఇంటి దగ్గర వాడుకోడానికి అమెరికా ప్రభుత్వం అనుమతిస్తూ ఒక షరతు పెట్టింది: శిక్షణ పొందిన మనిషి ఒకరు ఎప్పుడూ పక్కనే ఉండాలి.