లైసాండర్ - పగలు పనికిరాని విమానం

రెండో ప్రపంచ యుద్ధం విమానాలు అనగానే అందరికీ స్పిట్‌ఫైరే గుర్తొస్తుంది. నాకు మాత్రం లైసాండర్ అంటే ఇష్టం. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. నెత్తి మీద రెక్క, లాగు తొడిగినట్టుండే చక్రాలు, అంతే. "యుద్ధంలో ఫెయిలైనా గూఢచారుల పనికి పనికొచ్చింది" అని దీని కథని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. నాకెందుకో ఆ ముక్క సరైంది కాదనిపిస్తుంది.

బ్రిటన్‌లో వెస్ట్‌లాండ్ కంపెనీ దీన్ని తయారుచేసింది. 1936 జూన్‌లో మొదటిసారి ఎగిరింది, 1938లో వైమానిక దళంలో చేరింది. సైన్యానికి తోడుగా ఉండి, శత్రువు ఎక్కడున్నాడో చూసి చెప్పడం, ఫిరంగుల గురి సరిదిద్దడం, కబుర్లు మోయడం దీని పని. ఏ పొలంలోనైనా దిగాలి కాబట్టి బాగా నెమ్మదిగా ఎగరగలగాలి. అందుకని వేగం తగ్గగానే రెక్క ముందంచు పలకలూ, వెనక ఫ్లాపులూ వాటంతటవే తెరుచుకునేలా పెట్టారు. ఆ రోజులకి అది మంచి ఇంజనీరింగే.

చిక్కల్లా ఆ పని దగ్గరే వచ్చింది. పట్టపగలు శత్రు సైన్యం మీద నింపాదిగా చక్కర్లు కొట్టడమనేది 1918 నాటి ఆలోచన. 1940లో ఎదురొచ్చినవి జర్మన్ మెసర్‌ష్మిట్‌లు. ఫ్రాన్సుకి పంపిన సుమారు 175 లైసాండర్లలో 118 పోయాయి.

మనవాళ్ళ చేతికీ ఇదే విమానం వచ్చింది. 1942 ఫిబ్రవరిలో బర్మాలోని టౌంగూకి మన ఒకటో స్క్వాడ్రన్ చేరగానే జపాన్‌వాళ్ళు ఆ విమానాశ్రయం మీద బాంబులేశారు. స్క్వాడ్రన్ లీడర్ కె.కె. మజుందార్ మర్నాడే తన లైసాండర్‌కి బాంబులు తగిలించుకుని వెళ్ళి, థాయిలాండ్‌లో జపాన్‌వాళ్ళ స్థావరం మీద వేసొచ్చాడు. ఆయన ధైర్యానికి డీఎఫ్‌సీ పతకం వచ్చింది. నిజానికి అది బాంబులెయ్యడానికి చేసిన విమానం కాదు. ఉన్నదాంతో నెట్టుకొచ్చారన్నమాట.

ఇంగ్లండ్‌లో మాత్రం 1940 అక్టోబరు నుంచే దీనికి ఇంకో పని దొరికింది. కొన్నిటికి తుపాకులు తీసేసి, నల్లరంగు పూసి, పొట్ట కింద అదనపు పెట్రోలు ట్యాంకు, పక్కన ఒక నిచ్చెన బిగించారు. పున్నమికి అటూ ఇటూ కొన్ని రాత్రులే ప్రయాణం. పైలట్ ఒక్కడే, మోకాలి మీద మ్యాపు, వెన్నెల్లో మెరిసే నదులే దారి గుర్తులు. కింద పొలంలో ఎవరో మూడు టార్చిలైట్లు వెలిగిస్తారు. ఆ గుర్తుకి దిగి, ఇంజను ఆపకుండానే మనుషుల్ని దింపి, ఎక్కించుకుని, కొద్ది నిమిషాల్లో మళ్ళీ గాల్లోకి. ఇలా 101 మందిని ఫ్రాన్సులో దింపి, 128 మందిని వెనక్కి తెచ్చాయని లెక్క చెబుతారు.

1943 జూన్ 16 రాత్రి అలా దిగినవాళ్ళలో నూర్ ఇనాయత్ ఖాన్ ఒకరు. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ మన హైదరాబాదులో ఆరో నిజాం మెప్పు పొందిన సంగీతకారుడు, ఇక్కడే సూఫీ గురువుకి శిష్యుడయ్యాడు. నూర్ పారిస్‌లో రేడియో ఆపరేటర్‌గా పనిచేసి, అక్టోబరులో పట్టుబడింది. 1944 సెప్టెంబరులో డాఖావ్ క్యాంపులో కాల్చి చంపారు. అప్పటికి ఆమెకి ముప్ఫై ఏళ్ళు. ఆ రాత్రే దిగిన డయానా రౌడెన్, సెసిలీ లెఫోర్ట్ కూడా జర్మన్ల క్యాంపుల్లోనే చనిపోయారు.

ఆ రాత్రి పొలంలో ఏర్పాట్లు చూసినవాడు ఆన్రీ డెరికూర్. అతనికి జర్మన్ గూఢచారులతోనూ సంబంధాలున్నాయని తర్వాత బయటపడింది. 1948లో మిలిటరీ కోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఆ అనుమానం మాత్రం ఈనాటికీ పోలేదు.

విమానం లెక్కల్లో చూస్తే ఆ రాత్రి ప్రయాణం సక్సెస్సే. సరైన చోట దిగింది, తీసుకెళ్ళినవాళ్ళని దింపింది, క్షేమంగా వచ్చేసింది. 1940లో తప్పుడు పనికి పంపింది పైవాళ్ళయితే చెడ్డపేరు విమానానికొచ్చింది. 1943లో మంచిపేరు కూడా విమానానికే వచ్చింది, దిగినవాళ్ళ గతేమిటని అడిగినవాళ్ళు తక్కువ. రెండుసార్లూ దాని పని అది చేసింది. లెక్క చెప్పాల్సింది పంపినవాళ్ళు.