బరువులెత్తడంలో నాడీ వ్యవస్థ
బరువులెత్తేటప్పుడు మెదడు, వెన్నుపాము, నాడులు కలిసి కండరాలను బిగించి, వాటి పనిని సమన్వయం చేస్తాయి. ఒక చాలక నాడీకణం, దాని అధీనంలోని కండర తంతువులు కలిస్తే ఒక మోటార్ యూనిట్. తేలిక పనికి చిన్న యూనిట్లు చాలు. బరువు పెరిగేకొద్దీ పెద్దవి తోడవుతాయి. కోనసీమలోని దిండిలో కొబ్బరికాయల బస్తా భుజానికెత్తినా జరిగేది ఇదే: పిడికిలి బిగుస్తుంది, నడుము నిలదొక్కుకుంటుంది, మోకాళ్లు పైకి నెడతాయి. సాధన మొదలైన తొలి వారాల్లో బలం ప్రధానంగా నాడుల వల్లే పెరుగుతుంది. కండ పెరగడం తర్వాతి మాట. పోటీల్లోనూ ఈ నాడుల సమన్వయమే కీలకం. శ్రీకాకుళం జిల్లాకు చెందిన వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో బరువును ఒకే ఊపులో తలపైకెత్తే స్నాచ్‌లో 110, రెండు దశల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. స్నాచ్‌లో బార్ పైకి లేస్తుండగానే దాని కిందికి దూరాలి; అందుకు కండరాలు బిగిసే, సడలే వరుసను నాడులు క్షణాల్లో నడిపిస్తాయి.