కుర్చీ ఒకరిది, పెత్తనం ఒకరిది

పాతకాలపు ఇళ్ళలో యజమాని పడక్కుర్చీలో కూర్చునేవారు. కొట్టుగది తాళంచెవులు మాత్రం అత్తగారి బొడ్లో ఉండేవి. పండక్కి బెల్లం కావాలంటే కోడలు ఎవరిని అడగాలో వేరే చెప్పాలా? రాజ్యాలదీ ఇదే వరస.

నారాయణఖేడ్ దగ్గరి బోరంచనే తీసుకోండి. 1956 దాకా ఆ ప్రాంతం బీదరు జిల్లాలో ఉండేది. నైజాం రోజుల్లో పైన ప్రభువు, ఆయన కింద దివాను, జిల్లాకు తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్దారు. పల్లెలో శిస్తు వసూలుకు మాలీపటేలు, తగాదాలకు పోలీసుపటేలు, లెక్కలకు పట్వారీ. చూడ్డానికి పట్వారీ రాతగాడే. కాని ఏ పొలం ఎవరి పేర ఉందో ఆయన దస్త్రంలోనే ఉండేది. అక్షరం రాని రైతు దాన్నెలా సరిచూసుకుంటాడు చెప్పండి! పైగా ఆ పదవులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది గాని, పట్వారీలు పోలేదు. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వచ్చి ఆ పద్ధతి తీసేసింది.

ఇప్పుడు చైనా సంగతి చూద్దాం. అక్కడా దేశాధ్యక్షుడున్నాడు, ప్రధానీ ఉన్నాడు. తాళంచెవులు మాత్రం కమ్యూనిస్టు పార్టీవి. పార్టీలో కేంద్రసంఘం, అందులోంచి పొలిట్‌బ్యూరో, అందులోంచి ఏడుగురి స్థాయీసంఘం. సైన్యం కూడా పార్టీ చెప్పినట్టే నడుస్తుంది. డెంగ్ సియావోపింగ్ దేశాధ్యక్షుడూ కాలేదు, ప్రధానీ కాలేదు. అయినా 1980లలో ఆఖరిమాట ఆయనదే. సైనిక కమిషన్ ఆయన చేతిలో ఉండేది మరి! షీ జిన్‌పింగ్ 2012లో పార్టీనీ, సైన్యాన్నీ, 2013లో అధ్యక్షపదవినీ చేపట్టి, తాళాల గుత్తి అంతా ఒక్కచోటే పెట్టుకున్నాడు. 2022లో ఏర్పడిన 24 మంది పొలిట్‌బ్యూరోలో ఒక్క స్త్రీ అయినా లేదు. స్థాయీసంఘంలోనైతే ఏనాడూ లేదు.

మనం నయమే అంటారా? 1993లో అమలైన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకిచ్చింది. తెలంగాణ 2018 చట్టం సగం ఇచ్చింది. కుర్చీ వచ్చింది, సంతోషం. కాని ఎన్నో ఊళ్ళలో సంతకం సర్పంచమ్మది, పెత్తనం ఆమె భర్తది! దస్త్రం ఆయన చంకలోనే ఉంటుంది.

పట్నంలో ఉన్న మనకెందుకనుకోకండి. ఇంటి దస్తావేజు, బ్యాంకు పుస్తకం మీ పేర ఉన్నాయా? ఉంటే చివరిసారి ఎప్పుడు విప్పి చదివారు? "ఇక్కడ సంతకం పెట్టు" అన్నప్పుడు, "ఉండండి, చదివి పెడతాను" అనండి. పెత్తనం అక్కడే మొదలవుతుంది.