వారానికి ఒక్కసారి: ఒక మందు కథ

ఉప్పల్, నాచారం ప్రాంతాల మందుల దుకాణాలలో రుమటాయిడ్ కీళ్లవాతానికి వైద్యుని చీటీపై అమ్మే చిన్న మాత్ర ఒకటి ఉన్నది. దాని పేరు మెథోట్రెక్సేట్. వేళ్లు బిగుసుకుపోయి బాధపడే వృద్ధులకు అది ఎంతో ఉపశమనము కలిగిస్తుంది. కాని వారానికి ఒక్కసారి తీసుకోవలసిన ఈ మందును పొరపాటున ప్రతిదినము తీసుకుంటే ప్రాణాపాయము కలుగవచ్చును. మేలుచేసే మందే కీడు ఎందుకు చేస్తుంది? ఇందుకు సమాధానము ఆ మందు పుట్టుకలోనే ఉన్నది. ఆ పుట్టుకతో ఒక తెలుగు శాస్త్రజ్ఞునికి సంబంధమున్నది.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. అమెరికా వెళ్లి హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వాన 1945లో అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. జీవకణము రెండుగా చీలడానికి ఈ విటమిను అవసరము. దానిని పోలియుండి, దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడ ఆ బృందము తయారుచేసింది. వాటిలో ఎమినోప్టెరిన్ అనే దానిని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందికి తాత్కాలికంగా గుణము కనిపించింది. ఈ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు. తరువాత ఎమినోప్టెరిన్ స్థానాన్ని దాని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ ఆక్రమించింది. అమెరికా ప్రభుత్వము 1988లో దీనిని కీళ్లవాతానికి కూడ అనుమతించింది.

కణవిభజనను ఆపడమే ఈ మందు గుణము. అందుచేత మోతాదు మించినప్పుడు, వేగంగా విభజన చెందే ఎముక మజ్జ, నోటి పొర, ప్రేగుల పొర ముందుగా దెబ్బతింటాయి. నోటిలో పుండ్లు పడతాయి. తెల్ల రక్తకణాలు తగ్గి, అంటురోగాలు సులభంగా సోకుతాయి.

వృద్ధులకు ఈ ప్రమాదము మరింత ఎక్కువ. ఈ మందులో అధికభాగము మూత్రపిండాల ద్వారానే వెలుపలికి పోతుంది. వయస్సుతోపాటు సాధారణంగా మూత్రపిండాల శక్తి తగ్గుతుంది. అయితే రక్తపరీక్ష ఒక్కొక్కప్పుడు ఈ సంగతిని దాచివేస్తుంది. క్రియాటినిన్ అనే పదార్థము కండరాల నుండి పుడుతుంది. వృద్ధులలో కండరాలు తగ్గుతాయి కనుక, మూత్రపిండాలు బలహీనపడినా దాని అంకె మామూలుగానే కనిపించవచ్చును.

1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే వారు దీనికొక సూత్రము ఇచ్చారు. పురుషులకు 140 నుండి వయస్సును తీసివేసి, శేషాన్ని కిలోగ్రాములలో బరువుతో గుణించి, 72తోను, క్రియాటినిన్ అంకెతోను భాగించవలెను. బరువు 60 కిలోలు, క్రియాటినిన్ 1 అనుకుందాము. 30 ఏళ్లవానికి నిమిషానికి సుమారు 92 మిల్లీలీటర్లు వస్తుంది. 75 ఏళ్లవానికి 54 మాత్రమే. రక్తపరీక్షలోని అంకె ఒక్కటే, వడపోసే శక్తి మాత్రము సగానికి కొంచెమే ఎక్కువ! దీనికి తోడు కొన్ని నొప్పిమాత్రలు ఈ మందు విసర్జనను ఇంకా తగ్గించగలవు. కోట్రైమాక్సజోల్ అనే సూక్ష్మజీవినాశకము కూడ ఫోలిక్ ఆమ్లానికి విరోధియే. రెండూ కలిస్తే మజ్జకు హాని ఎక్కువవుతుంది.

విషమించినప్పుడు విరుగుడు లేకపోలేదు. ఫోలినిక్ ఆమ్లము, మందు మూసివేసిన మార్గాన్ని తప్పించి కణాలకు కావలసినది అందిస్తుంది. కాని ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

2019లో యూరోపియన్ ఔషధ సంస్థ ఈ ప్రతిదినపు పొరపాటును అరికట్టడానికి, పెట్టెలపై స్పష్టమైన హెచ్చరికలు ఉండాలని సిఫారసు చేసింది. మన దేశంలో 2010 నుండి మందుల దుష్ఫలితాలను సేకరించే జాతీయ కార్యక్రమము నడుస్తున్నది.

చదువు వచ్చిన మనుమడో మనుమరాలో ఇంట చేయగలిగిన పని ఒకటున్నది. తాతగారి మాత్రల పెట్టెపై వైద్యుడు చెప్పిన వారము పేరును పెద్ద అక్షరాలతో వ్రాయవచ్చును. ఆయన తీసుకునే మందులన్నిటి జాబితాను వైద్యునికి చూపవచ్చును. మందును సొంతంగా మానిపించరాదు, పెంచరాదు. సుబ్బారావు బృందము ప్రసాదించిన మందు ప్రాణము నిలపాలంటే, దానిని ఎప్పుడు, ఎంత తీసుకోవలెనో తెలిసియుండవలెను.