కఠిన నోట్ చార్టుల రూపకల్పన

రిథమ్ గేములో పాట మోగుతుండగా తెర మీదికి వరుసగా వచ్చే గుర్తుల అమరికను నోట్ చార్ట్ అంటారు. ఏ క్షణంలో ఏ మీట నొక్కాలో, ఏ బాణం మీద అడుగు వేయాలో ఆటగాడికి చెప్పేది ఇదే. ఒకే పాటకు సులువు నుంచి కఠినం దాకా నాలుగైదు చార్టులు ఉండటం మామూలే. వాటిలో ఆఖరి మెట్టువి, ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకు కూడా ఒక పట్టాన లొంగనివి, ఈ వ్యాసానికి విషయం. చార్ట్ తయారుచేసేవారిని చార్టర్ అనీ, ఓసు! ఆటలోనైతే మ్యాపర్ అనీ పిలుస్తారు. నోట్లు కుమ్మరించి పాటను ఆడరానిదిగా చేయడం ఎవరికైనా చేతనవుతుంది. చెవికి వినబడే దెబ్బల్లోంచే కష్టాన్ని పుట్టించడంలో చార్టరు పనితనం తెలుస్తుంది.

పుట్టుక

1996లో ప్లేస్టేషన్‌కు వచ్చిన పరప్పా ద ర్యాపర్ ఈ తరహా ఆటలకు దారి వేసింది. మరుసటి ఏడాది కొనామి సంస్థ ఐదు మీటలు, ఒక టర్న్‌టేబుల్‌తో బీట్‌మేనియాను ఆర్కేడ్లలోకి దించింది. 1998లో నాలుగు బాణాల డాన్స్ డాన్స్ రెవల్యూషన్ (డీడీఆర్) వచ్చింది. అదే ఏడాది జపాన్‌లో బీఎంఎస్ అనే ఫైలు పద్ధతి పుట్టడంతో చార్టులు రాసే పని కంపెనీ గోడలు దాటి సామాన్య ఆటగాళ్ల చేతికి వచ్చింది. తర్వాత వచ్చిన స్టెప్‌మేనియా, 2007లో ఆస్ట్రేలియాకు చెందిన డీన్ హెర్బర్ట్ విడుదల చేసిన ఓసు! ఈ పనిని ప్రపంచమంతటా వ్యాపింపజేశాయి.

కష్టం విషయంలో మైలురాయిగా చెప్పుకోవాల్సినది 2001 నాటి డీడీఆర్ మ్యాక్స్‌లోని ‘మ్యాక్స్ 300’. నిమిషానికి 300 బీట్ల వేగం దానిది. బీటుకు రెండేసి అడుగులు వేస్తే సెకనుకు పది. అప్పటిదాకా ఉన్న కొలమానం దీనికి చాల్లేదు. 2007లో గిటార్ హీరో 3లో డ్రాగన్‌ఫోర్స్ పాట ‘త్రూ ద ఫైర్ అండ్ ఫ్లేమ్స్’ ఆర్కేడ్ల ముఖం చూడని ఇళ్లకు కూడా ఈ పిచ్చిని పరిచయం చేసింది.

ఫైలు లోపల

స్టెప్‌మేనియా చార్ట్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోదగ్గ మామూలు టెక్స్ట్. ఒక కొలత, అంటే నాలుగు బీట్లు, ఇలా ఉంటుంది:

1000
0100
0010
0001

నాలుగు నిలువు వరుసలు ఎడమ, కింద, పై, కుడి బాణాలు. 1 ఉన్న చోట నొక్కాలి, 0 ఉన్న చోట ఊరుకోవాలి. 2 వేస్తే నొక్కి పట్టుకోవాలి, 3 దగ్గర వదలాలి. పై కొలతలో నాలుగు పంక్తులున్నాయి కాబట్టి బీటుకు ఒక దెబ్బ. పంక్తులు ఎనిమిదైతే బీటుకు రెండు, పదహారైతే నాలుగు, పన్నెండైతే మూడు. గరిష్ఠం 192.

నోట్లు పెట్టడానికి ముందు పాట వేగాన్ని, మొదటి బీటు పడే క్షణాన్ని తేల్చాలి. విసుగు పుట్టించే పని ఇది. దీన్ని దాటేసి నోట్లు పెట్టడం మొదలుపెట్టినవాళ్లు తర్వాత అంతా చెరిపి మళ్లీ రాసుకోవాల్సిందే. 120 బీట్ల పాటకు 120.1 అని వేస్తే నిమిషం గడిచేసరికి చార్ట్ 50 మిల్లీసెకన్లు తప్పుతుంది. స్టెప్‌మేనియాలో మామూలు తీర్పు స్థాయి దగ్గర అత్యుత్తమ మార్కు రావాలంటే దెబ్బ 22.5 మిల్లీసెకన్లకు మించి అటూ ఇటూ పోకూడదు. ఇక ఆటగాడి వైపు ఆలస్యం వేరే. మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగేలోపు రెండు పాటలు ఆడుకుందామనుకునే ఉద్యోగి చెవుల్లో బ్లూటూత్ ఉంటే శబ్దం వచ్చేసరికే వంద మిల్లీసెకన్లు పైబడి పోవచ్చు. సర్దుబాటు చేసుకోకుండా ఆడి చార్టును తిట్టేవాళ్లే ఎక్కువ.

కష్టం ఎన్ని రకాలు

మొదటిది వేగం. 180 బీట్ల పాటలో బీటుకు నాలుగు నోట్లు పడితే సెకనుకు 12, రెంటి మధ్య ఎడం 83 మిల్లీసెకన్లు. రెండు వేళ్లు మార్చి మార్చి కొడితే ఒక్కో వేలికి సెకనుకు ఆరు దెబ్బలు, సాధనతో వచ్చేస్తాయి. అవే నోట్లను ఒకే మీట మీద పేరిస్తే, అంటే జాక్‌గా రాస్తే, చాలామందికి అసాధ్యం. నోట్ల లెక్క మారలేదు, అమరిక మారింది. సెకనుకు నోట్ల సంఖ్య ఒక్కటే చూసి స్థాయి నిర్ణయించడం ఇందుకే చెల్లదు. ఓసు!లో కష్టాన్ని చూపే నక్షత్రాల లెక్క కూడా దూరాలు, ఎడాలు, వేళ్ల మీద పోగయ్యే ఒత్తిడి చూస్తుంది.

కాళ్లతో ఆడే చార్టులో ఇంకో లెక్కుంది. ఎడమ కాలు, కుడి కాలు ఒకదాని తర్వాత ఒకటి పడాలన్నది అలిఖిత నియమం. ఎడమ, కింద, పై, కుడి అని రాస్తే కాళ్లు హాయిగా నడుస్తాయి. ఎడమ, కింద, కుడి అని రాస్తే మూడో అడుగుకు ఎడమ కాలు కుడి బాణం మీదికి పోవాలి, ఒళ్లు తిరగాలి. దీన్ని క్రాసోవర్ అంటారు. తర్వాతి నోటు ఆ తిరిగిన ఒళ్లు మళ్లీ ఇటు వచ్చేలా ఉంటే అది నాట్యం. లేకపోతే మోకాలికి ముప్పు. మంచి చార్టరు ప్రతి నోటు మీద ఏ కాలు పడుతుందో మనసులో రాసుకుంటూ పోతాడు. ఫోమ్ ప్యాడ్ కొనుక్కుని అద్దె గదుల్లో దీన్ని సాధన చేయాలంటే కింది వాటావాళ్లు ఊరుకోరు. కూకట్‌పల్లి వైపు హాస్టళ్లలో కీబోర్డు మీద ఆడటమే మర్యాద.

రెండోది చదవడం. ఓసు!లో అప్రోచ్ రేట్ 9 పెడితే వలయం కనిపించిన 600 మిల్లీసెకన్లకు కొట్టాలి, 10 పెడితే 450కి. పాట మధ్యలో నోట్లు జారే వేగాన్ని మార్చేసి కన్నును తికమకపెట్టడం మరో పద్ధతి. బీట్‌మేనియా ఆటగాళ్లు దీన్ని సోఫ్లాన్ అంటారు; ఆ మాట ‘సాఫ్ట్ ల్యాండింగ్ ఆన్ ద బాడీ’ అనే పాట పేరు నుంచి వచ్చింది. పాట నిజంగా నెమ్మదించిన చోట వాడితే అందం. ఊరికే వాడితే అది కష్టం కాదు, ఆకతాయితనం.

మూడోది ఓపిక. రెండు నిమిషాల పాటు ఎడతెగని నోట్ల వరుస (స్ట్రీమ్) రాసి, చివర్లో పాటలో పతాకస్థాయి వచ్చేసరికి ఆటగాడి చేతుల్లో ఏమీ మిగలకుండా చేయడం అనుభవం లేని చార్టర్లు తరచూ చేసే పొరపాటు.

మన లయలు

తెలుగు పాటకు చార్ట్ రాసేవారికి కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. నిమజ్జనం నాడు, బోనాల నాడు మూసాపేట గల్లీల్లో మోగే తీన్‌మార్‌లో దెబ్బలు మూడేసిగా చీలతాయి. ‘నాటు నాటు’ కూడా 6/8 నడకే. చాలా ఎడిటర్లు తెరవగానే బీటును నాలుగుగా చీల్చి చూపిస్తాయి. ఆ గళ్లలోనే నోట్లు సర్దితే దప్పు ఊపు చచ్చిపోతుంది. పన్నెండు పంక్తుల కొలతకు మారాలి. అప్పుడు కూడా ప్రతి గడినీ నింపకుండా దప్పు మీద లావు పుల్ల పడే చోట జంట బాణం, సన్న పుల్ల చోట ఒంటి బాణం వేస్తేనే ఒంట్లోకి దిగుతుంది.

కర్ణాటక సంగీతంలో బీటును చీల్చే గతులు ఐదు: తిశ్రం 3, చతురశ్రం 4, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9. స్టెప్‌మేనియా ఒక బీటును 48 భాగాలు చేస్తుంది. 48ని మూడు, నాలుగు భాగిస్తాయి. ఐదు, ఏడు, తొమ్మిది భాగించవు. కాబట్టి ఖండ గతిలో మృదంగ ముక్తాయింపుకు రాసిన నోట్లు దగ్గరలో ఉన్న గడిలోకి జరుగుతాయి. 120 బీట్ల దగ్గర ఆ జరుగు నాలుగు మిల్లీసెకన్ల చిల్లర, చేతికి తెలియదు. కంటికి మాత్రం తెలుస్తుంది: స్టెప్‌మేనియాలో నోటు రంగు అది బీటులో ఎన్నో భాగమో చూపిస్తుంది, ఖండ గతి నోట్లు ఆ రంగులకు అందవు.

ఘంటసాల కాలపు పాటలది వేరే ఇబ్బంది. వాద్యగాళ్లంతా కలిసి కూర్చుని వాయించినవి, వేగం చరణం చరణానికీ కాస్త కదులుతుంది. కొన్ని బీట్లకోసారి వేగాన్ని విడిగా నమోదు చేయాలి. ఇప్పటి పాటలు కంప్యూటర్లో క్లిక్ పెట్టుకుని కట్టినవి కాబట్టి చాలావాటికి ఒకే అంకె చాలు.

పాదాలకు కఠినమైన లయను రాసిపెట్టి దాన్ని తప్పకుండా తొక్కమనడం మనకు కొత్త కాదు. 128 అక్షరాల సింహనందన తాళానికి నర్తిస్తూ, నేల మీది పిండిలో కాళ్లతో సింహం బొమ్మ గీసే సింహనందిని అనే నృత్యం కూచిపూడి సంప్రదాయంలో ఉంది. సి.ఆర్. ఆచార్యులు దీన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అక్కడా తప్పటడుగు వెంటనే బయటపడుతుంది, బొమ్మలో.

పరీక్ష

చార్టరు తన చార్టును తానే ఆడగలగాలన్న నియమం లేదు. వేగాన్ని 0.7కు తగ్గించి ఆడి అమరిక చేతికి ఇమిడిందో లేదో చూసుకుంటారు, తర్వాత తమకంటే గట్టివాళ్లకు ఇస్తారు. ఓసు!లో చార్టుకు ర్యాంక్ హోదా రావాలంటే ఇద్దరు నామినేటర్లు ఒప్పుకోవాలి. వాళ్లు అడిగే ప్రశ్న ఎక్కువగా ఒకటే: ఈ నోటు ఏ శబ్దానికి? జవాబు లేని నోటును తీసేయాలి.

యంత్రంతో రాయించే ప్రయత్నాలూ ఉన్నాయి. 2017లో క్రిస్ డొనహ్యూ, జాకరీ లిప్టన్, జూలియన్ మెకాలీ ‘డాన్స్ డాన్స్ కన్వల్యూషన్’ అనే పత్రంలో పనిని రెండుగా విడగొట్టారు: ఎప్పుడు అడుగు వేయాలో ఒక నమూనా, ఏ బాణమో మరో నమూనా నిర్ణయిస్తాయి.

సినిమా పాట హక్కులు ఆడియో కంపెనీలవి కాబట్టి చాలామంది చార్ట్ ఫైలును మాత్రమే పంచుతారు, పాటను ఆటగాడే తెచ్చుకోవాలి. అక్కడ మళ్లీ అదే పాటకు ఆల్బమ్ ప్రతిలో, వీడియో ప్రతిలో మొదటి నిశ్శబ్దం వేర్వేరుగా ఉంటుంది. ఫైలు పైభాగంలో ఆఫ్‌సెట్ అని ఉన్న అంకెను ఎవరి ప్రతికి వారు దిద్దుకోవాలి.