గుర్రానికి ఎక్కలేదు, కుక్కకు ఎక్కింది

గల్ఫ్‌లో గుర్రాల లాయాల్లో పనిచేసే మనవాళ్ళు ఎందరో. మన దేశంలో పశువులకు గంజాయి ఆకు మందుగా పెట్టడం పాత అలవాటే. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం కూడా ఈ సంగతి రాసింది. అంతకు ముందే, 1839లో, కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు ఓషానెస్సీ దీన్ని జంతువులపై పరీక్షించాడు. కుక్క మత్తులో తూగి, ఆరు గంటలకు తేరుకుంది. గుర్రం, ఆవు, మేకలకు పెద్దగా ఏమీ కాలేదు.

అమెరికాలో గుర్రాల కడుపునొప్పికి ఈ మందే పోసేవారు. 1937 పన్ను చట్టంతో అది మూలపడింది. మత్తు పదార్థం 0.3 శాతం మించని రకాన్ని 2018లో అక్కడ అనుమతించారు. ఇప్పుడు దాని నూనెను గుర్రాలకు, కుక్కలకు అమ్ముతున్నారు.

మనం మాత్రం ఊరినుంచి ఆ ఆకు పొట్లం తేవద్దు. ఇక్కడ గంజాయి దొరికితే జైలే. పశువుల మందంటే ఎవరూ వినరు.