నది పోయింది, పిల్లల ఒళ్లు మారింది: పీమాల చరిత్ర మనకి చెప్పేది

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మొన్న సెలవులకి ఊరెళ్లినప్పుడు సంతలో ఏ కొట్టు చూసినా ముందు అయిదు రూపాయల చిప్స్ పాకెట్లే దండల్లా వేలాడుతున్నాయి. మా తమ్ముళ్లలో ఒకడు ఏడో తరగతి. బడిలో వాడిని అందరూ "డ్రమ్ము" అంటున్నారంట. వాడు ఆటకి రావడమే మానేశాడు. ఇంట్లో అవ్వ మాత్రం "మావోడు ఒళ్లు చేశాడు" అని మురిసిపోతోంది. అవ్వని తప్పు పట్టలేం. వానాకాలంలో గింజ అయిపోతే దుంపలు తవ్వుకుని బతికిన మనిషి ఆమె. ఆమెకి లావంటే ఆకలి లేకపోవడం.

పిల్లాడు లావైతే తిండిపోతు అనేస్తారు, లేకపోతే తల్లి పెంపకం అనేస్తారు. మేము దీని గురించి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, దీనికి ఒక చరిత్ర ఉందని. ఆ చరిత్రని మనకంటే ముందే అనుభవించిన ఆదివాసులు అమెరికాలో ఉన్నారు.

అరిజోనా ఎడారిలో గిలా నది ఒడ్డున ఉండే వాళ్లని పీమాలు అంటారు. వాళ్లు తమని తాము అకిమెల్ ఓఓధమ్ అని చెప్పుకుంటారు, అంటే నది మనుషులు. కాలవలు తవ్వి మొక్కజొన్న, గుమ్మడి, ఎండకి తట్టుకునే టెపరీ చిక్కుళ్లు పండించేవారు. ఎడారి చెట్ల కాయలు, పళ్లు ఏరుకునేవారు. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియా పోతున్న తెల్లవాళ్లకి దారిలో గోధుమలు అమ్మింది వీళ్లే. అంటే ఒకళ్ల దగ్గర చెయ్యి చాపిన జాతి కాదు, పదిమందికి పెట్టిన జాతి.

1859లో వాళ్లకి రిజర్వేషన్ అని ఒక హద్దు గీశారు. తర్వాత ఎగువన స్థిరపడిన వలసదారులు నది నీళ్లు మళ్లించుకున్నారు. 1870ల నుంచి పొలాలు ఎండుతూ వచ్చి, ఆ శతాబ్దం చివరికి కరువొచ్చింది. సర్కారు తర్వాత రేషన్ ఇచ్చింది: మైదా, పందికొవ్వు, పంచదార. వాటితోనే నూనెలో వేయించిన రొట్టె వాళ్ల తిండి అయింది. పొలం లేదు కాబట్టి పొలం పని కూడా పోయింది. 1891లో ఫీనిక్స్‌లో ఆదివాసీ పిల్లలకి హాస్టల్ బడి తెరిచారు. అలాంటి బడుల్లో పిల్లల భాష పోయింది, ఇంటి తిండీ పోయింది.

1965 నుంచి డాక్టర్లు వాళ్ల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. 35 ఏళ్లు దాటిన వాళ్లలో దాదాపు సగం మందికి షుగర్ తేలింది. అప్పటిదాకా పెద్దవాళ్ల జబ్బు అనుకున్న ఆ రకం షుగర్ వాళ్ల పిల్లల్లోనూ కనబడింది. అంతకుముందే, 1962లో, జేమ్స్ నీల్ అనే శాస్త్రవేత్త ఒక మాట అన్నాడు: కరువులు దాటిన మనుషుల్లో కొవ్వు దాచుకునే పొదుపు జన్యువు ఉండొచ్చని. చాలామంది దాన్నే పట్టుకుని, ఇది పీమాల రక్తంలోనే ఉందని తేల్చేశారు.

కానీ పీమాలకి దగ్గర బంధువులు సరిహద్దుకి అవతల, మెక్సికో కొండల్లో ఉన్నారు. వాళ్లు ఇంకా తమ పొలాల్లో మొక్కజొన్న, చిక్కుళ్లు పండించుకుని తింటూ, కొండలెక్కి పని చేసుకునే బతికేవారు. 2006లో వచ్చిన పరిశోధన ప్రకారం వాళ్లలో షుగర్ సుమారు 7 శాతం, అరిజోనా పీమాల్లో 38 శాతం. లావు కూడా వాళ్లలో చాలా తక్కువ. రక్తం ఒకటే, నేల వేరు, పళ్లెం వేరు. మరి తప్పు రక్తానిదా, జరిగిన చరిత్రదా? మీరే చెప్పండి.

ఇక మన సంగతి. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవికి హద్దులు పడ్డాయి, పోడుకి ఆంక్షలొచ్చాయి. పోడు తగ్గితే సామలు, కొర్రలు, చోళ్లు, కందులు కలిపి పండే తీరు కూడా తగ్గుతుంది. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యం మన ఇళ్లలో ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చెయ్యలేం. కానీ పళ్లెం నిండా తెల్లన్నం, పక్కన పలుచటి చారు, సాయంత్రం పాకెట్. ఇది కడుపు నింపుతుంది, ఒంటికి కావాల్సింది ఇవ్వదు. మన ఏజెన్సీలో ఇప్పటికీ పెద్ద సమస్య బక్కతనం, రక్తహీనతే. అయినా ఒకే ఇంట్లో అక్కకి రక్తం తక్కువ, తమ్ముడికి ఒళ్లు ఎక్కువ ఉండొచ్చు. రెండింటికీ మూలం చాలావరకు అదే పళ్లెం.

మరి మనం ఏం చెయ్యగలం? మేము అనుకున్నవి చెప్తాం.

ముందు పిల్లల్ని "డ్రమ్ము" అనడం ఆపుదాం. ఎగతాళికి ఎవరూ సన్నబడరు, దాక్కుని తింటారు. పెరిగే పిల్లల్ని పస్తు ఉంచొద్దు. బరువు మీద అనుమానముంటే పీహెచ్‌సీలో ఎత్తు, బరువు చూపిద్దాం. వయసుని బట్టి లెక్క వాళ్లే చెప్తారు. పొద్దున్న టీ బిస్కెట్ బదులు చోడి అంబలి, సంతలో కూల్‌డ్రింక్ బదులు పండు ఇద్దాం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున ఒక గంటైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మనకి జిమ్ము అక్కర్లేదు. కబడ్డీ ఉంది, గెడ్డ ఉంది, కొండ ఉంది. ఫోన్ పక్కన పెట్టి పెద్దవాళ్లం ముందు మనం దిగితే పిల్లలు వెనకే వస్తారు.

పీమాలు నీళ్ల కోసం కొట్లాట ఆపలేదు. 2004లో అమెరికా చట్టం చేసి వాళ్ల నీటి హక్కు ఒప్పుకుంది. వాళ్ల పొలాల్లో టెపరీ చిక్కుళ్లు మళ్లీ పండుతున్నాయి. అంటే అలవాటు మార్చుకోమని పిల్లాడికి చెప్పడం సగం పని. ఆ తిండి పండే నేలని కాపాడుకోవడం మిగతా సగం.

ఈసారి సెలవుల్లో ఒక పని చేద్దాం. అవ్వా తాతల్ని కూర్చోబెట్టి, వాళ్ల చిన్నప్పుడు ఏ నెలలో ఏం తినేవాళ్లో అడిగి రాసుకుందాం. మేము మా ఊరి నుంచి మొదలుపెట్టాం. తమ్ముడు పెన్ను పట్టుకుని అవ్వ పక్కన కూర్చుంటే, ఆమె ఇరవై రకాల ఆకుకూరల పేర్లు చెప్పింది. అందులో మాకు తెలిసినవి ఆరే.